ఆఫీసరొచ్చిన రోజు ఆగిన మిల్లు

బళ్ళారి జిల్లా సిరుగుప్పలో రైసు మిల్లులకు కొదవ లేదు గానీ, రామసుబ్బా లాంటి రైటరు, అదే గుమాస్తా, మాత్రం వెతికినా దొరకడు. లారీలు పంపేది ఆయనే, హమాలీల తగవులు తీర్చేది ఆయనే, వచ్చిన ఆఫీసర్లకు మర్యాదలు చేసేదీ ఆయనే. సొంతూరు రూపనగుడి. పెళ్లి కాకముందు ఈ మిల్లులో చేరాడు, ఇప్పుడు తాతయ్యాడు. ఈలోగా యజమానులు మారారు, యంత్రాలు మారాయి, ఆయన కుర్చీ మాత్రం మారలేదు. దాని ఒక కాలు ఎప్పుడో విరిగింది. కింద ఇటుక ముక్క పెట్టుకుని అందులోనే కూర్చుంటాడు. కొత్తది కొనిస్తామంటే చాలు, ఏదో అనరాని మాట అన్నట్టు మొహం పెడతాడు.

ఆయనకు పని నేర్పినవాడు పాత యజమాని కోటిలింగం. సర్కారు మిల్లుల నుంచి లెవీ బియ్యం వసూలు చేసే కాలంలో జీపుల్లో ఆఫీసర్లు దిగేవారు. అప్పుడు కోటిలింగం ఒక సూత్రం చెప్పాడు. "నడిచే మిల్లులో నూరు తప్పులు కనబడ్తాయప్పా. ఆగిన మిల్లులో కుంకుమ బొట్టు ఒకటే కనబడ్తాది. ఆఫీసరు వస్తాండాడంటే ముందు మిల్లు ఆపు, ఆమీద కాఫీ పెట్టు."

రామసుబ్బా ఆ మాట గుండెల్లో రాసుకున్నాడు. లెవీ పోయింది, సేల్స్ టాక్సు పోయింది, జీఎస్టీ వచ్చింది, సెల్‌ఫోన్లో బిల్లు చూపిస్తే తప్ప లారీ గేటు దాటని రోజులొచ్చాయి. ఏ రూలు మారినా ఆయన పద్ధతి ఒకటే. మిల్లు ఆపడం, కడిగించడం, యంత్రాలకు పసుపు కుంకుమలు పూయడం, గుమ్మానికి మామిడాకులు కట్టడం. అచ్చంగా ఆయుధ పూజే! వచ్చినవాళ్లు చల్లటి గదిలో కూర్చుని ఊట, అదే భోజనం, చేసి, వక్కాకు నమిలి, సంతోషంగా వెళ్లిపోయేవారు. అలా ఆయనకు ఈ విషయంలో ఓటమి అన్నదే తెలియదు. తెలియకపోవడమే ఆయన కొంప ముంచింది, అది తర్వాత చెప్తాను.

ఇప్పుడు మిల్లు కోటిలింగం కోడలు నాగలక్ష్మమ్మ చేతిలో ఉంది. భర్తకు లారీల మీదే మనసు. ఖనిజం రవాణా అంటూ హొసపేట దారిలోనే తిరుగుతుంటాడు. మిల్లు ఆమెకు వదిలేశాడు, అదే మంచిదైంది. ఆమె నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె గేటు దగ్గర కేకేస్తే బాయిలరు దగ్గర హులిగప్ప ఉలిక్కిపడి ఊక ఎగదోస్తాడు.

ఈ చుట్టుపక్కల జనం తినేది సోనా మసూరి అన్నమే. ఉప్పుడు బియ్యం ఎవరూ ముట్టరు. అయినా నాగలక్ష్మమ్మ మిల్లులో వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబోసి ఉప్పుడు బియ్యం పడతారు. ఎందుకంటే బెంగుళూరులో ఇడ్లీ పిండి పొట్లాలు చేసే పెద్ద కంపెనీ ఒకటి దాన్నంతా కొంటుంది. ఆ కంపెనీ వద్దంటే ఆ బియ్యాన్ని ఇక్కడ ఎవరికి పెట్టాలి? బాయిలరు చల్లబడుతుంది, హులిగప్ప ఇంటికి పోతాడు, కళ్లంలో వడ్లు తిరగేసే దుర్గక్క, ఆమె జట్టు ఆడవాళ్లంతా మళ్లీ కూలి కోసం పొలాల గట్లు పట్టుకు తిరగాల్సిందే.

అలాంటి కంపెనీ నుంచి ఒక కబురొచ్చింది. షేర్లు అమ్ముకునే పెద్ద కంపెనీలు ఇకమీదట తాము ఎంత నీళ్లు వాడుతున్నాయో, ఎంత పొగ వదులుతున్నాయో, చెత్త ఎక్కడ వేస్తున్నాయో ఏటేటా లోకానికి చెప్పాలట. తమ సంగతే కాదు, తమకు సరుకిచ్చేవాళ్ల సంగతి కూడా చెప్పాలట. అందుకని ఒక మేడమ్ వచ్చి మిల్లు చూసి పోతుంది, ఆమె రాసేదాన్ని బట్టే కొత్త ఆర్డరు అని.

"మనం అమ్మేది బియ్యమా, పొగనా?" అంది నాగలక్ష్మమ్మ. "మన నీళ్ల లెక్క వాళ్లకెందుకన్నా?"

"రూలంటమ్మా. ఎన్ని రూళ్లు చూడలేదు మనం! నువ్వు ఊరికే ఉండు, నేను చూసుకుంటా గదా."

"జాగ్రత్త రామసుబ్బన్నా. ఇది పోతే ఉడకేసే పని మొత్తం పోయినట్లే. మల్ల నా మొహం యాడ పెట్టుకోవాల?"

"అమ్మా, నేనుండాను గదా!" అన్నాడు రామసుబ్బా, ఎదురుగా పులి వచ్చినా కాఫీ తాగించి పంపేవాడిలా.

ఇక చూడండి హడావిడి. రేపు మేడమ్ వస్తుందనగా బాయిలరు ఆర్పమన్నాడు. హులిగప్పకు ప్రాణం ఉసూరుమంది.

"ఆర్పితే మల్ల వేడెక్కేదానికి శానా పొద్దు పడ్తాది రామసుబ్బప్పా. నానేసిన వడ్లు పులిసిపోతాయి. స్వల్ప ఆలోచన చెయ్యప్పా."

"నువ్వు మూసుకుని ఆర్పప్పా. పొగ చూసేదానికే వస్తాండాదంట ఆ యమ్మ. పొగే లేకుంటే ఏం రాస్తాది?"

హులిగప్ప గొణుక్కుంటూనే బాయిలరు ఆర్పాడు. గోడలకు సున్నం కొట్టారు. ఊక బూడిద కుప్పను ట్రాక్టర్లకెత్తి ఇటుక బట్టీకి తోలారు. కరెంటు మీటరుకు, నీళ్ల మీటరుకు పసుపు పూసి, దాని మీద అరచేతి వెడల్పున కుంకుమ అద్దారు. గేటుకు బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు. అన్నిటికంటే చివర రామసుబ్బాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మంత్రులు వచ్చినప్పుడు రోడ్డు పక్కన తెల్లగా బ్లీచింగు పౌడరు చల్లుతారు కదా, అలా నానబెట్టే తొట్ల దగ్గర్నుంచి పంట కాలువ దాకా, మురుగు కాలువ పొడుగునా బ్లీచింగు చల్లించాడు. మూట ఖాళీ అయ్యేదాకా చల్లించాడు. కొంత గాలికి లేచి కాలువలోనూ పడింది. పడితే పడనీ, కంపు పోతుందన్నాడు.

బళ్ళారి నుంచి వచ్చిన కారులోంచి దిగింది రోహిణి. చిన్న వయసే, ముప్పై దాటి ఉండదు. కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో పెట్టె. వాళ్లమ్మది కోలారట, తెలుగు బాగానే మాట్లాడింది. గుమ్మడికాయను, మామిడాకులను, ఆగిన యంత్రాలను, చేతులు కట్టుకుని నిలబడ్డ రామసుబ్బాను చూసి తికమకపడింది.

"ఈరోజు పండగేమైనా ఉందా అండీ? సెలవా?"

"మీరు రావడమే పండగ మేడమ్!"

పాపం, ఆ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి నడిచింది. బాయిలరు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. పొగ కొలిచే పరికరం పెట్టెలోంచి తీయకుండానే మళ్లీ సర్దుకుంది. బూడిద ఎక్కడని అడిగితే, మా దగ్గర బూడిద ఉండదు మేడమ్ అన్నాడు. ఊక కాల్చే మిల్లులో బూడిద లేకపోవడమేమిటి? ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది. నీళ్ల మీటరు దగ్గరికి పోతే అంకెలు కనబడలేదు. కుంకుమ అద్దం మీదికి కారి గట్టిపడిపోయింది. ఆమె రుమాలు తడిపి తుడవబోతే రామసుబ్బా గాభరాపడ్డాడు.

"అయ్యయ్యో, పూజ చేసింది తుడిచేయకూడదు మేడమ్!"

చివరికి మురుగు కాలువ దగ్గరికి వచ్చి ఆగింది. ఘాటు ముక్కుకు కొట్టి తుమ్మింది.

"ఇది బ్లీచింగు కదా? ఇక్కడ రోజూ వేస్తారా?"

రోజూ శుభ్రం చేస్తారా అని అడిగినట్టు తోచింది మన రామసుబ్బాకు. కాదంటే మిల్లుకే నామోషీ! ఛాతీ విరుచుకుని, "రోజూ మేడమ్! పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి. లోటు చేసేది లేదు!" అనేశాడు. పక్కనున్న హులిగప్ప నోరు తెరిచాడు గానీ, రామసుబ్బా కళ్లెర్రజేయడంతో మూసుకున్నాడు.

ఆమె సీసాలో ఆ నీళ్లు పట్టుకుని, భోజనం వద్దని, కాఫీ మాత్రం తాగి లేచింది. పోయేముందు ఒక్క మాట అంది. "నేను చూసిందీ, మీరు చెప్పిందీ రాస్తానండీ. చూడనిది రాయలేను." రామసుబ్బా దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. ఆ సాయంత్రం నాగలక్ష్మమ్మతో, "దండం పెట్టుకుని పోయిందమ్మా, పని అయిపోయినట్లే" అన్నాడు. బాయిలరు మళ్లీ వేడెక్కేసరికి తొట్లలో వడ్లు హులిగప్ప చెప్పినట్టే పులిశాయి. సగం పారబోయాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా నాగలక్ష్మమ్మకు రోహిణి నుంచి ఫోనొచ్చింది. ఆమె మాట్లాడుతుంటే మొహం ఎర్రబడటం గది అద్దంలోంచి రామసుబ్బా చూశాడు. ఫోను పెట్టేసి ఆమె కేక వేయలేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"రామసుబ్బన్నా, రొంత ఇట్ల రా. మనం రోజూ రెండు పూటలా బ్లీచింగు పంట కాలవలోకి వదుల్తాండామా?"

"లేదమ్మా... ఏంది ఆ మాట?"

"మల్ల ఆ యమ్మకు నువ్వే చెప్పినావంట గదా! సీసాలో నీళ్లు పరీక్ష చేస్తే అంతా విషమేనంట. ఆ నీళ్లు హచ్చొళ్ళి పక్క మళ్లకు పోతాయి గదా అని అడుగుతాండాది. నేనేం చెప్పాల? రిపోర్టు తేలేదాకా కంపెనీ లారీలు రావంట. గడువు దగ్గర పడిందంట, మల్ల వచ్చి చూసేదానికి లేదంట."

రామసుబ్బా ఇటుక ముక్క మీది కుర్చీలో కూలబడితే అది కూడా ఒరిగింది. ఇన్నేళ్లు ఏ ఆఫీసరూ ఈ మిల్లు మీద చెడ్డ మాట రాయలేదు. ఇప్పుడు పంట కాలువలో విషం కలిపే మిల్లు అని రాయబోతున్నారు, అదీ తన నోటి చలవతోనే. దాచకుండా అంతా చెప్పాడు. మిల్లు ఆపింది, చల్లింది, గొప్పకు పోయి రోజూ అని అన్నది.

నాగలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ మర్యాద తగలెయ్య! మంత్రి వస్తాండాడని చల్లినట్ల చల్లినావా? మా మామ చెప్పిన కాలమేంది, ఇదేంది? వాళ్లు తప్పులు పట్టేదానికి వస్తాండ్రి, ఈ యమ్మ లెక్క కట్టేదానికి వచ్చింది. ఆగిన మిల్లులో లెక్క ఏముంటాదన్నా?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. ఆరోజు అన్నం సహించలేదు. కళ్లంలో దుర్గక్క "ఏమప్పా, లారీలు నిలిచిపోయినాయంట, మాకు పని ఉంటాదా లేదా?" అని అడిగితే గోదాములోకి తప్పుకున్నాడు.

అట్లా దిగులు పడుతుండగానే ఆ రూలు కాస్తా మారిపోయింది. సరుకిచ్చేవాళ్ల లెక్కలు ఈ ఏడాది తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లు ఇవ్వొచ్చు, లేకుంటే లేదు అని పైనుంచి సడలించారట. కంపెనీ నుంచి కబురు. మీ మిల్లు లెక్క వద్దనుకుంటే వెనక్కి తీసుకోండి, గడువంటూ ఏమీ లేదు, కాకపోతే లెక్క చూపినవాళ్ల దగ్గరే ముందు కొంటాం.

రామసుబ్బా మొదటి సగం వినగానే హులిగప్పను కావలించుకున్నాడు. "గట్టెక్కినాం రా దేవుడా! వెనక్కి తీసుకుందామమ్మా, ఆ బ్లీచింగు మాటే మాసిపోతాది."

"రెండో ముక్క వినలేదా?" అంది నాగలక్ష్మమ్మ. "లెక్క తీసేసుకుంటే వేరే మిల్లుకు పోతారు. ఉంచితే విషం మిల్లంటారు. ఎట్ల చేద్దాం, నువ్వే చెప్పు."

రామసుబ్బా ఎన్ని రూళ్లు పోవడం చూశాడో ఆయనకే తెలుసు. పోయిన రూలు పేరు మార్చుకుని మళ్లీ గేటు దగ్గర నిలబడకుండా ఉండదు. అప్పుడు మళ్లీ సున్నం, మళ్లీ కుంకుమ, మళ్లీ అబద్ధమా? గడువన్నది లేకుండా పోయింది, అదొక్కటే దేవుడిచ్చిన వరం. జరిగింది చెప్పి, మళ్లీ చూడమని అడిగే వీలు దొరికింది.

"ఫోను కలపమ్మా. నేనే మాట్లాడ్తా."

ఫోను రెండు చేతులా పట్టుకుని చెప్పాడు. "రోహిణమ్మా, నేను మిల్లు రైటరు రామసుబ్బాని. ఆరోజు నీకు అబద్ధం చెప్పినా తల్లీ. మేము బ్లీచింగు రోజూ వెయ్యం. ఎప్పుడూ వెయ్యం. నువ్వు వస్తాండావని మర్యాదకు చల్లినా. మిల్లు ఆపిందీ నేనే. ఏం రాయాల్నో నా పేరు మీద రాయి, మిల్లు పేరు మీద వద్దు."

అటువైపు ఒక్కసారిగా నవ్వు. "అమ్మయ్య! నాకు అప్పుడే అనుమానం వచ్చిందండీ, రోజూ రెండు పూటలా అంత బ్లీచింగు ఎవరు పోస్తారు అని. మీరు చెప్పినదాన్ని కాదని రాయలేను, నమ్మి రాయలేను, ఆ కాగితం అలాగే పెట్టుకుని కూర్చున్నాను. మళ్లీ వస్తాను. కానీ ఎప్పుడొస్తానో చెప్పను, సరేనా?"

ఆ నవ్వు విన్నాక రామసుబ్బా గుండెల మీద నుంచి వడ్ల బస్తా దించినట్టయింది. ఆ మధ్యాహ్నం దుర్గక్క సద్దిమూటలోంచి రొట్టె అడిగి తీసుకుని మరీ తిన్నాడు.

ఆమె వచ్చిన రోజు మిల్లు నిండు జోరు మీద ఉంది. గేటు దగ్గర కారు కనబడగానే రామసుబ్బా చెయ్యి పాత అలవాటు కొద్దీ పైకి లేచింది. హులిగప్ప అటే చూస్తున్నాడు, ఆపమంటాడేమోనని. ఆయన ఆ చేతిని బలవంతంగా దించి వీపు వెనక పెట్టుకున్నాడు.

అది ఆయనకు నరకమే. ఊక ధూళి ఆమె చున్నీ మీద పడుతుంటే ఆయన ప్రాణం పోతోంది. తొట్ల దగ్గర నానిన నీళ్ల కంపు, బాయిలరు దగ్గర పొగ, పెరట్లో నల్లటి బూడిద కుప్ప, అన్నీ బయటపడి ఉన్నాయి. ఆమె మాత్రం పెట్టెలోని పరికరాలన్నీ తీసి హాయిగా తిరిగింది. బొగ్గు కాల్చరా అని అడిగింది. మా ఊకే మాకు మిగుల్తాది తల్లీ, బొగ్గెందుకు అన్నాడు. బూడిద ఇటుక బట్టీకి పోతుందంటే సంతోషపడింది. "ఇంత మంచి సంగతి మొన్న దాచిపెట్టారేమిటండీ?" అంది.

రామసుబ్బా మంచిని కూడా కడిగి పారేశానా అనుకుని తనలో తానే నవ్వుకున్నాడు.

నీళ్ల దగ్గర మాత్రం ఆమె మొహం ముడుచుకుంది. నానబెట్టిన నీళ్లు అలాగే కాలువలోకి వదలకూడదు, గుంటల్లో తేర్చి వదలాలి, కొంత మళ్లీ వాడుకోవచ్చు అంది.

"అది కూడా రాస్తావా తల్లీ?"

"చూశాను కదండీ, రాయాలి. గుంటలు తవ్వితే అదీ రాస్తాను."

"తవ్విస్తాం, రాసుకోమ్మా!" అని గది గుమ్మంలోంచి నాగలక్ష్మమ్మ కేకేసింది. అన్నట్టే మర్నాడే యంత్రం పిలిపించి తవ్వకం మొదలుపెట్టించింది.

ఆరోజు రోహిణి ఊట వద్దనలేదు. దుర్గక్క వాళ్లతో కలిసి కళ్లం గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె, గుత్తివంకాయ తింది. ఎన్నడూ ఆఫీసర్ల ముందు కూర్చోని రామసుబ్బా కూడా వాళ్ల మధ్య చతికిలబడి, కారం ఎక్కువైందేమోనని ఆ పిల్లకు మజ్జిగ పోశాడు. నెల తిరిగేలోపు కంపెనీ లారీలు మళ్లీ వరసగా నిలబడ్డాయి. డ్రైవర్లు హారన్లు కొడుతుంటే చెవులు చిల్లులు పడుతున్నాయి, అయినా ఒక్కరూ విసుక్కోలేదు. ఆయుధ పూజ నాడు రామసుబ్బా అన్ని యంత్రాలకూ మామూలుగానే పసుపు కుంకుమలు పెట్టాడు. నీళ్ల మీటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అద్దం వదిలేసి పక్కన గొట్టానికి బొట్టు పెట్టాడు. హులిగప్ప కిసుక్కుమంటే, "ఏంది నగుతావు, పూజ పూజే, లెక్క లెక్కే" అని గదమాయించాడు.

ఈమధ్య ఒక పొద్దున ముందు కబురేమీ లేకుండా గేటు ముందు ప్రభుత్వం జీపు ఒకటి ఆగింది. హులిగప్ప బాయిలరు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"రామసుబ్బప్పా! ఎవరో ఆఫీసరు వస్తాండాడు. ఆపేదా?"

రామసుబ్బా కుర్చీలోంచి లేచి, పంచె సర్దుకుని, జీపు వైపు ఒకసారి, పొగగొట్టం వైపు ఒకసారి చూశాడు.

"ఎందుకప్పా ఆపేది? ఇంకో తట్ట ఊక వెయ్యి. రానీ, చూసుకోనీ."